పదమూడో పద్నాలుగో

పదకొండు, పన్నెండు, పూల గొడుగావిడ పదమూడు, ఇంక పద్నాలుగు ఎక్కడ, ఆ గొడుగు వెనకాల ఎవరైనా ఉన్నారేమో, లేరు, అక్కడ మంచినీళ్ళ డబ్బా ఉంది, మళ్ళీ మొదటినుంచి, కాసేపు కదలకండమ్మా అంటే ఎవరు వింటారు, ఫోటోలకోసం ఈ పక్కవాళ్ళు ఆ పక్కకీ ఆ పక్కవాళ్ళు ఈ పక్కకీ, కప్పల తక్కెడే, ఒకటి రెండు కొత్తజంట, మూడు నాలుగు అయిదు ముందుపళ్ళు ఊడిన పాపా వాళ్ళ అమ్మానాన్నా, ఒకే రంగు చొక్కాలు వేసుకున్న బ్యాంకు స్నేహితులు ముగ్గురు, ఎనిమిది, అక్కచెల్లెళ్ళు నలుగురు, పన్నెండు, గొడుగావిడ, పదమూడు, మళ్ళీ పదమూడే, పొద్దున బస్సెక్కేటప్పుడు పద్నాలుగు పేర్లకీ నా చేత్తోనే టిక్కులు పెట్టాను, కాగితం సంచీలోంచి తీసి చూస్తే టిక్కులు పద్నాలుగూ ఉన్నాయి, మనుషులే లేరు, ఒక్కరు, ఎవరా ఒక్కరు, టోపీ పెద్దాయన, అవును, గుడ్డ టోపీ పెట్టుకుని ప్రతి మెట్టు దగ్గరా మోకాలు పట్టుకుని ఆగే పెద్దాయన, లెక్కల మేష్టారుగా చేసి రిటైరయ్యానన్నాడు, ఆయన పడవలో లేడు, వెంట భార్యో కొడుకో ఉంటే ఈపాటికి పడవంతా గోల పెట్టేవాళ్ళు, ఒంటరిగా వచ్చాడు, ఒంటరివాడు తప్పిపోతే అడిగే నోరుండదు.

కానీ ఎవరో నాతో ఒక మాట అన్నారు, నేను కాస్త అలిసిపోయానమ్మా, హోటలుకి పోయి నడుం వాలుస్తా, మీరు కానివ్వండి, ఆ గొంతు చెవిలో ఉంది, చుట్టూ ఉలి దెబ్బల చప్పుడు, కాళ్ళకింద చెక్కపొట్టు, అంటే బొమ్మలు చెక్కేవాళ్ళ వీధి, పొద్దున పదకొండింటికి అక్కడే ఉన్నాం, మాట ఉంది గొంతుంది వీధుంది, ముఖం లేదు, ఈ రోజు అన్న మాటా, పోయిన వారం అన్నదా, ఇరవైరెండేళ్ళుగా ఆ వీధికి మనుషుల్ని తీసుకెళ్తున్నాను, అలిసిపోయానన్నవాళ్ళు ఎన్ని వందలమంది ఉంటారు, ఆ గొంతు ఆయనదే అని ఎవరైనా చెబితే బాగుండు, ఆయనే అయితే ఈపాటికి ఫ్యాను కింద గుర్రు పెడుతుంటాడు, ఆయన కాకపోతే ఇందాక మేం చూసి వచ్చిన గుహలో ఉన్నాడు.

మధ్యాహ్నం రెండింటికి సముద్రం పోటు మొదలైంది, గుహ మూతి సముద్రంలోకే తెరుచుకుంటుంది, మూడున్నరకి నీళ్ళు మూతి పైఅంచుని తాకుతాయి, ఆ తర్వాత లోపలికి పోవడమూ లేదు బయటికి రావడమూ లేదు, ఇప్పుడు మూడు దాటి రెండు నిమిషాలు, ఈ మాటలు నేనే చెబుతాను రోజూ, దాన్నొక వింతలా చెబుతాను, కుడివైపు గోడ చూడండి, ఎర్రమట్టితో అద్దిన అరచేతులు, ఎవరివో ఎవరికీ తెలియదు, చిన్నపిల్లలవి కూడా ఉన్నాయి, ముట్టుకోవద్దు, చెయ్యి గాల్లో ఉంచి కొలత చూసుకోండి, అనగానే అందరూ చేతులు చాస్తారు, ఇవాళా చాచారు, ఆ చేతుల్లో ముడతలు పడ్డ చెయ్యి ఉందా, లోపలి గదికి వెళ్ళేచోట రాతిమెట్టు ఉంది, మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు అక్కడ కూర్చుంటారు, మీరు చూసి రండి నేనిక్కడుంటా అంటారు, ఇవాళ ఎవరైనా కూర్చున్నారా, చీకట్లో టార్చి నా చేతిలోనే ఉంది, మెట్టు మీదకి వేశానా.

అందరూ ఎక్కారా అండీ, అని గొంతులో నవ్వు తెచ్చిపెట్టుకుని అడిగాను, ఆఁ ఎక్కాం ఎక్కాం అని కోరస్ పాడారు, ఎప్పుడూ పాడతారు, ఎవరికెవరు తెలుసని, మొన్న సాయంత్రం హోటల్ హాల్లో కలిసినవాళ్ళు, పక్కవాడు ఉన్నాడో లేడో చూసుకోవడానికి వాళ్ళు డబ్బు కట్టలేదు, అది చూసేదాన్ని నేను, చుక్కాని దగ్గర మా మరిది వీపు కనబడుతోంది, మా ఆయన తమ్ముడు, ఆయన పోయాక పడవ ఇతనే నడుపుతున్నాడు, మొదటిరోజే ఒప్పందం చేసుకున్నాం, లెక్క నీది వదినా, నీళ్ళు నావి, నీ లెక్కలో నేను వేలు పెట్టను నా నీళ్ళలో నువ్వు కాలు పెట్టకు అన్నాడు, అప్పుడు ఎంత నవ్వానో, అందుకని అతన్ని అడిగి లాభం లేదు, ఎంతమంది ఎక్కారో అతను చూడడు.

ఫోన్ తీశాను, సిగ్నల్ గీతల్లేవు, దీపస్తంభం దాటేదాకా ఉండవు, అక్కడికి ఇరవై నిమిషాలు, హోటల్ కౌంటర్లో మా అమ్మాయే ఉంటుంది, పెద్దాయన గదికి చేరాడా అని ఒక్క మాట అడిగితే చాలు, కానీ ఇరవై నిమిషాలు అటు పోయి అడిగి, లేడమ్మా అని అది అంటే, తిరిగి వచ్చేసరికి గుహ మూతి మూసుకుపోతుంది, ఇప్పుడు తిప్పాలి, ఇప్పుడే, తిప్పి చూస్తే అక్కడ ఎవరూ లేకపోతే, ఏమైందండీ అని పదమూడు మంది అడుగుతారు, నాకు గుర్తులేదండీ అనాలా, గైడుకి గుర్తులేకపోతే ఇంకేముంది, ఆఫీసులో సారు ఇప్పటికే అంటున్నాడు, చెవిలో పెట్టుకునే మిషన్లొచ్చాయి మేడమ్, బటన్ నొక్కితే కోటా తోటా జలపాతమూ అన్నీ అదే చెప్పేస్తుంది, తడబడదు, ఆ ఆఖరి ముక్క నావైపు చూసే అన్నాడా, అతనికి తెలుసా.

పొద్దున కోటలో జరిగింది ఎవరైనా చెప్పి ఉంటారా, పెద్ద తలుపు దగ్గర నిలబడి, ఇదిగో చూడండి, ఇంత పెద్ద, అని ఆగిపోయాను, మూరెడు పొడుగు ఇనప వస్తువు, తలుపుకి వేలాడుతోంది, లోపల మర ఉంటుంది, చెవి పెట్టి తిప్పుతారు, అన్నీ తెలుసు, దాన్ని ఏమంటారో తెలియదు, ఇంట్లో రోజూ వేసి తీస్తాను, పేరు లేదు, నోరు తెరిచే ఉంది, అందరూ నావైపే చూస్తున్నారు, నాలుక మీద ఏమీ లేదు, బావిలో బక్కెట వేస్తే తాడే పైకి వచ్చినట్టు, చివరికి ముందుపళ్ళ పాప తాలం అంది, పళ్ళు లేక, తాళం, శభాష్, ఎవరికి తెలుసో పరీక్షిద్దామని ఆగాను అన్నాను, అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను, చేతులు చల్లగా ఉన్నాయి, ఎందుకంటే ఆ పరీక్ష మాట నాది కాదు, అమ్మది.

అమ్మ బట్టలు కుట్టేది, వీధిలో సగంమంది జాకెట్ల కొలతలు నోటికి వచ్చు, యాభై దాటిన ఏడాది నుంచి జాకెట్టుకి రెండూ కుడిచేతులే కుట్టడం మొదలుపెట్టింది, పొయ్యి మీద గిన్నె పెట్టి మర్చిపోయేది, అన్నయ్యని పట్టుకుని మా తమ్ముడి పేరుతో పిలిచేది, అదేంటమ్మా అంటే, నాకు తెలీదుట్రా, మీకు తెలుసో లేదో పరీక్షించా అనేది, మేం నలుగురం పగలబడి నవ్వేవాళ్ళం, అమ్మ పరీక్ష పెట్టింది రోయ్ అని ఇంట్లో అదొక సామెత అయిపోయింది, నాకిప్పుడు యాభై ఒకటి, కొన్ని నెలలుగా అరచేతిలో పెన్నుతో రాసుకుంటున్నాను, బస్సు నంబరు, వంతెన పేరు, చెమటకి చెరిగిపోతే కొత్త చోటు చూసుకుంటాను, మాటిమాటికీ అరచెయ్యి చూస్తావేమని అమ్మాయి అడిగితే దురద అని చెప్పాను, ఇవాళ చేతిలో ఏం రాసుకున్నాను, ఏమీ లేదు, ఉప్పునీళ్ళకి పోయిందో, రాయనే లేదో.

మూడూ అయిదు, గొడుగావిడ తిండి పొట్లం విప్పుతోంది, కొత్తపెళ్ళికొడుకు నీళ్ళల్లోకి చెయ్యి పెట్టి పెళ్ళాం మీద చల్లుతున్నాడు, అంతా మామూలుగానే ఉంది, నోరు మూసుకుని కూర్చుంటే మామూలుగానే ఉంటుంది, నూటికి తొంభై ఆయన గదిలోనే ఉంటాడు, మిగతా పదీ, ఆ మెట్టు మీద కూర్చున్న మనిషి, ముందు నీళ్ళు పాదాలకి తగులుతాయి, గైడమ్మ వస్తుందిలే అనుకుంటాడు, పిక్కలకి వస్తాయి, నా లెక్క తప్పదని నమ్ముతాడు, లెక్కల మేష్టారు కదా, మోకాలికి వస్తాయి, అయిదు నిమిషాలైంది నేనిలా కూర్చుని, ఆయన ప్రాణం ఒకవైపూ నా పరువు ఒకవైపూ పెట్టి తూస్తున్నాను, ఛీ, ఎప్పుడు లేచానో తెలియదు, మరిది భుజం పట్టుకున్నాను, పడవ తిప్పు అన్నాను, ఎందుకు వదినా, గుహకి పోవాలి, పోటు ఎక్కుతోంది, ఇప్పుడెందుకు, ఒకరు తక్కువున్నారు, ఒకరు తక్కువా, అని వెనక్కి తిరిగి, ఎవరు, అన్నాడు, టోపీ పెద్దాయన, లేకపోతే తక్కువ లేరేమో, ఆయన ముందే దిగిపోయాడేమో, నాకు తెలియడంలేదు, అతను నా ముఖంలోకి చూశాడు, చుక్కాని తిప్పాడు.

పడవ అడ్డంగా ఊగేసరికి కేకలు, ఏంటండీ ఏమైంది, పాప ఏడుపు, వాళ్ళ నాన్న లేచి, పిల్ల ఉందిక్కడ, చెప్పకుండా ఇలా తిప్పితే ఎలా అని నామీదకి వచ్చాడు, చెప్పాను, ఒకాయన లోపల ఉండిపోయారేమో చూడాలి, అక్కచెల్లెళ్ళలో పెద్దావిడ, అయ్యో ఆయన గుహ దగ్గర దిగినట్టే ఉందే అంది, రెండో ఆవిడ, నిన్నటి మాటక్కా అది, జలపాతం దగ్గర అంది, వాళ్ళకీ గుర్తులేదు, వాళ్ళకి గుర్తులేకపోతే మతిమరుపు, నాకు గుర్తులేకపోతే ఏమిటి, గుహ కనబడింది, ఇందాకటికంటే చిన్నదైపోయింది, మూతిలో నీళ్ళు లోపలికి పోయి గుటక వేసినట్టు చప్పుడు చేస్తున్నాయి, మరిది నా నడుముకి తాడు కట్టాడు, నేను పోతానన్నాడు, పడవని ఎవరు పట్టుకుంటారు, అలలకి రాయికి కొట్టుకుంటే పదమూడు మంది, పది నిమిషాలు వదినా, తాడు రెండుసార్లు లాగానంటే ఉన్నపళంగా వచ్చెయ్, దేవుడా అని దిగాను, నీళ్ళు రొమ్ముల దాకా, లైఫ్ జాకెట్ గడ్డానికి తన్నుతోంది, టార్చి పైకెత్తి పట్టుకున్నాను.

మేష్టారూ, అని పిలిచాను, గుహ రూ రూ అంది, మేష్టారండీ, గోడ మీద ఎర్రచేతులు, కింది వరస అప్పటికే నీళ్ళలో ఉంది, ఒక్కొక్క అరచెయ్యీ ఆగు ఆగు అంటున్నట్టు, లోపలి గది, రాతిమెట్టు, మెట్టు మీద నీళ్ళు, నీళ్ళమీద టోపీ, టోపీ మెల్లగా తిరుగుతోంది, దాని కింద ఉంటాడు, వంగాలి, చెయ్యి పెట్టాలి, పెట్టలేను, పెట్టాను, పీచు, తడిసిన కొబ్బరిడొక్క, ఎక్కడినుంచో కొట్టుకొచ్చింది, దాన్ని విసిరికొట్టి ఏడుస్తూ నీళ్ళ కింద చేతులతో దేవాను, రాయి, ఇసక, రాయి, ఈ మూలా ఆ మూలా, మేష్టారూ మేష్టారూ, అల వచ్చి నోట్లో ఉప్పు కొట్టింది, టార్చి పోయింది, చీకట్లో ఏ వైపు నుంచి వచ్చానో తెలియలేదు, ఇరవైరెండేళ్ళుగా కళ్ళు మూసుకుని తిరిగిన గుహ, ఏ వైపో తెలియలేదు, అప్పుడు తాడు కదిలింది, ఒకటి, రెండు, తాడు ఎటు లాగితే అటు పోయాను.

పడవలో ఎవరో తువ్వాలు కప్పారు, గొడుగావిడ అరచేతులు రుద్దుతోంది, లేరా అన్నాడు మరిది, లేరు, నాకు దొరకలేదు, ఆ రెండు మాటల మధ్య ఎంత దూరమో అతనికి అర్థమైంది, పడవని ఉరికించాడు, ఎవరూ ఫోటోలు తీయడంలేదు, పాప కూడా ఏడవడంలేదు, దీపస్తంభం దగ్గర సంచీలోంచి ఫోన్ తీసి తడి వేళ్ళతో అమ్మాయి నంబరు నొక్కాను, మూడుసార్లు జారింది, అమ్మాయెత్తింది, ఏమే, టోపీ పెద్దాయన, పన్నెండో నంబరు గదాయన, వచ్చాడా, అది తాపీగా, ఎప్పుడో వచ్చారమ్మా, పడుకున్నారు, మోకాలికి వేడినీళ్ళ సంచీ కూడా పంపించా, అంది, నేను పడవలో కూలబడ్డాను, ఉన్నాడు, హోటల్లోనే ఉన్నాడు అని మరిదికి అరిచి చెప్పాను, పడవంతా ఒక్కసారి ఊపిరి వదిలింది, ఎవరో చప్పట్లు కొట్టారు, అక్కచెల్లెళ్ళు ఏడుస్తూ నవ్వుతున్నారు, అంతలో అమ్మాయి, అదేంటమ్మా మళ్ళీ అడుగుతున్నావు, నువ్వేగా ఫోన్ చేశావు అంది, ఏమిటి అన్నాను, పదకొండింటికి, ఆటో ఎక్కించానే, మెట్ల దగ్గర చెయ్యందించమని ఎవరికైనా చెప్పు, వేడినీళ్ళ సంచీ పంపు, అన్నీ నువ్వే చెప్పావు, కావాలంటే ఫోన్లో చూసుకో.

చూశాను, పదకొండూ పది, అమ్మాయి పేరు, రెండు నిమిషాల పన్నెండు సెకన్లు, ఆ రెండు నిమిషాల పన్నెండు సెకన్లూ నేను మాట్లాడాను, ఆయన చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించి ఉంటాను, చెయ్యవలసిన పనులన్నీ ఒక్కటీ వదలకుండా చేశాను, అందులో ఒక్క ముక్క నా దగ్గర లేదు, కడిగేసినట్టు లేదు, గుహలోకంటే ఇప్పుడు ఎక్కువ చలిగా ఉంది, అమ్మా, ఉన్నావా, మాట్లాడవేం, అంటోంది అమ్మాయి, నాలుక చివర మాట సిద్ధంగా ఉంది, తెలుసులేవే, నువ్వు చూసుకున్నావో లేదోనని పరీక్షించా, అంటే అది నవ్వేస్తుంది, ఇంటికి పోతాను, రేపు మళ్ళీ కోటకి, నోరు తెరిచాను, అమ్మ కనబడింది, కుట్టుమిషన్ ముందు కూర్చుని, ఒక మధ్యాహ్నం, ఏమే, కాసేపు నా దగ్గర కూర్చోవే అంది, ఊరికే, ఏమీ లేదు ఊరికే అంది, నాకు బస్సు టైమైంది, చెప్పు తొందరగా అన్నాను, ఏం లేదులే పో అంది, అమ్మకి తెలుసు, మేం కనిపెట్టడానికి ఎంతో ముందే తెలుసు, పరీక్ష అన్న ప్రతిసారీ లోపల ఇలాగే, ఈ చలితోనే ఉంది, నలుగురు పిల్లల మధ్య కూర్చుని ఒక్కతే భయపడింది, మేం నవ్వుతుంటే మాతోపాటు నవ్వింది, నాకు గుర్తులేదే అన్నాను, ఏదమ్మా, నీకు ఫోన్ చేసినట్టు గుర్తులేదు, ఆయన వెళ్ళినట్టు గుర్తులేదు, కొన్నాళ్ళుగా ఇలాగే ఉంది, నాకు భయంగా ఉందే, అటునుంచి కుర్చీ జరిగిన చప్పుడు, నువ్వు రేవు దగ్గరే ఉండమ్మా, ఎక్కడికీ వెళ్ళకు, వస్తున్నా, అంది, నాకు భయంగా ఉంది, ఎంత చిన్న మాట, ఈ మాట అమ్మ మాతో ఒక్కసారి కూడా అనలేదు, అనడానికి మేం చోటివ్వలేదు.