నీలమ్మ నిద్రించింది

పురానాపూల్ దగ్గరి రాళ్ల దుకాణంలో సమాధి పలకను చూడగానే సుజనకు ఒళ్లు మండిపోయింది. తమ్ముడు వెస్లీ అమ్మానాన్నలిద్దరికీ కలిపి ఒకే నల్లరాయి చెక్కించాడు. పైన "డానియేలు గారు ప్రభువునందు నిద్రించారు" అని ఉంది. కింద "నీలమ్మ ప్రభువునందు నిద్రించింది".

"గిదేందిర?"

"ఏమైందక్కా? తారీఖులు గూడ సరి చూసిన."

"బాపుకేమో నిద్రించారు, అమ్మకు నిద్రించిందా? అమ్మ ఏమన్న మేకనా?"

వెస్లీ నవ్వబోయి, అక్క మొహం చూసి ఆగాడు. "ఇంట్ల అమ్మ వచ్చింది, అమ్మ తిన్నది అనే గద అంటం. అది ప్రేమ. వచ్చారు అంటే పరాయి మనిషి లెక్కుండదా?"

"బాపును గూడ వచ్చిండు, తిన్నడు అనే అన్నం గదర! రాయి మీదికి ఎక్కంగనే ఆయనొక్కడు పదిమంది ఎట్లయిండు?"

సిటీ బస్సులో కిక్కిరిసిన జనం మధ్య టికెట్లు కొట్టే గొంతు ఆమెది. ఎదురుగా చాయ్ తాగేవాళ్లు తలలు తిప్పారు. తండ్రి తాగి పడుకున్న రోజుల్లో వీళ్లిద్దరి కడుపు నింపింది అమ్మ జీతమే. దవాఖానాలో ఆయాగా చేసినన్నాళ్లూ, కొడుకు వయసున్న డాక్టర్లు కూడా "ఏయ్, ఇటు రా, అది తుడువు" అన్నవాళ్లే.

"బతికినన్ని దినాలు ఎవ్వడు గారు అనలే. సచ్చినంకనన్న కన్నకొడుకు అంటడనుకున్న."

"రెండక్షరాల కోసం గింత లొల్లా? ఆదివారం ప్రార్థన ఉంది. చుట్టాలొస్తున్నరు."

"రానీ."

రాయి చెక్కిన అజ్మత్ అలీ మధ్యలోకి వచ్చాడు. "గ్రానైటు మీద రెండక్షరాలే మార్చుడు కుదరదమ్మా. ఆ లైను మొత్తం అరగదీసి మళ్ల చెక్కాలె. పాలిష్ పోతది. మచ్చ తెలుస్తది."

"తెల్వనీ భాయ్. గారు గూడ పెట్టు."

వెస్లీ బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు. మిషన్ రాయిని కొరుకుతుంటే సుజన ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని, పని అయ్యేదాకా అక్కడే కూర్చుంది.

ఆదివారం సమాధి దగ్గర మేనత్త ఆండాలు వంగి చూసింది. తండ్రి పేరున్న వరుస నిగనిగలాడుతోంది, తల్లి పేరున్నది బూడిదరంగులో వెలిసినట్టుంది.

"గీడ గిట్లెందుకైంది?"

"చెక్కెటోడు తప్పు చేసిండత్తమ్మా," అన్నాడు వెస్లీ తొందరగా.

"చెక్కినోడు కాదు, రాసిచ్చినోడు చేసిండు," అంది సుజన, పాస్టరుగారికి కూడా వినబడేలా.

పాస్టరుగారు బైబిలు తెరిచారు. అందరూ కళ్లు మూసుకున్నారు, సుజన తప్ప. ఆమెకు ఇంకా కోపం దిగలేదు.