తోక ఊపిన రోజు

నేను ఒక పెట్టెబండిని. నాలుగు చక్రాలు, అల్యూమినియం గోడలు, వెనక వంతెనలా కిందికి దిగే తలుపు. ఇంజను లేదు, స్టీరింగు లేదు. ఎవరైనా లాగితేనే నా నడక. నా కడుపులో మాత్రం ఒక రేసు కారు కూర్చుంటుంది!

విజయవాడ ఆటోనగర్‌లో మస్తాన్‌వలి గారి షెడ్డులో పుట్టాను. చేయించినవాడు జోజిబాబు, ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన డ్రైవరు. పాత బస్సొకటి కొని, మంచాలు, గ్యాసు పొయ్యి, చిన్న బాత్రూము పెట్టించి ఇల్లులా మార్చుకున్నాడు, దాని వెనక తగిలించడానికి నన్ను చేయించాడు. అదంతా కూతురు కెజియా కోసం. ఆమె కారు పందేల్లో పోటీ చేస్తుంది. ఆమెనూ ఆమె కారునూ ట్రాక్‌కి తానే చేర్చాలని ఆయన పట్టుదల.

నన్ను అప్పగించేటప్పుడు మస్తాన్‌వలి గారు నా ముందుభాగం తట్టి మరీ చెప్పారు. "భాయ్, బరువు కాస్త ముందుకే ఉండాలి. వెనక ఎక్కువైతే ఇది తోక ఊపుతుంది. అప్పుడు బస్సు బ్రేకు తొక్కకు. స్టీరింగు పక్కన బిగించిన మీట నొక్కు, ట్రైలరుకి మాత్రమే బ్రేకు పడుతుంది."

కెజియా బస్సెక్కి ఆ మీటను రెండుసార్లు నొక్కి చూసింది. జోజిబాబు నవ్వేశాడు. "యాభై మందిని కూర్చోబెట్టుకుని తిప్పినోణ్ణి, ఈ డబ్బా నాకో లెక్కా?"

డబ్బా అన్నందుకు నాకు కాస్త మనసు చివుక్కుమంది.

తొలి ప్రయాణం చెన్నై అవతలి ట్రాక్‌కి. పందెం మర్నాడే. ఆ సాయంత్రం నాలుగింటిలోగా కారు తనిఖీకి చేరకపోతే కెజియా పేరు కొట్టేస్తారు. ఆ హడావుడిలో జోజిబాబు అదనపు ఇంజను, టైర్లు, జాకీలు అన్నీ నా వెనక తలుపు దగ్గరే పేర్చాడు. దింపుకోవడం తేలికట! నా ముందుభాగం గాల్లో తేలిపోతున్నట్టే ఉంది. చెబుదామంటే నాకు నోరేదీ?

ఒంగోలు దాటాక ఫ్లైఓవర్ దిగుతున్నాం. ఒక కంటైనర్ లారీ రయ్యిన పక్కనుంచి దూసుకెళ్లింది. దాని గాలికి నా వెనకభాగం అటు జరిగింది. మళ్లీ ఇటు. ఇక ఆగితేనా! ఒక్కో ఊపూ ముందుదానికంటే పెద్దది. లోపల కారును కట్టిన బెల్టులు కిర్రుమన్నాయి. అంత పెద్ద బస్సును నేనే అటూ ఇటూ ఈడుస్తున్నాను! జోజిబాబు కాలు అలవాటుగా బ్రేకు మీదికే పోయింది. నేను ఇంకా రెచ్చిపోయాను.

"నాన్నా, బ్రేకు వదిలెయ్! స్టీరింగు తిన్నగా పట్టుకో!"

కెజియా పక్కసీట్లోంచి వంగి మీట నొక్కింది. నా చక్రాలు పట్టేశాయి. ఎవరో జుట్టు పట్టుకుని వెనక్కి లాగినట్టయింది. రెండూపులు ఊగి, బుద్ధిగా తిన్నగా అయిపోయాను.

జోజిబాబు బస్సును రోడ్డు పక్కన ఆపాడు. కెజియా దిగి నా వెనక తలుపు తెరిచింది. ఇద్దరూ కలిసి ఇంజనూ టైర్లూ నా ముందు మూలకి మోశారు, కారును రెండడుగులు ముందుకి తోశారు.

"ఇక నువ్వే నడుపమ్మా," అన్నాడాయన తల దించుకుని. "నా మీద నాకే నమ్మకం పోయింది."

"నాకు రేపు పందెం నాన్నా. నిద్ర కావాలి."

అంతే! బస్సులో వెనక మంచమెక్కి దుప్పటి కప్పుకుంది. కావలి రాకముందే గురక. ఆ గురక వింటూ, కళ్లు తుడుచుకుంటూ, ఆ పెద్దమనిషి మమ్మల్నందర్నీ గుడ్లబుట్టలా నడిపాడు. ట్రాక్ చేరేసరికి నాలుగు కావడానికి ఇంకా పది నిమిషాలుంది.

రేసు కారును మోసే నేను ఒక్క రేసూ చూడలేదు, చిత్రం! నన్నెప్పుడూ గోడ వైపు తిప్పి నిలబెడతారు. మర్నాడు పందెంలోనూ విన్నానంతే. ఇంజన్ల హోరు దగ్గరై దూరమైంది, మళ్లీ దగ్గరైంది. చివరికి బస్సు టాప్ మీంచి జోజిబాబు గొంతు చించుకున్నాడు: "మూడోది! మా అమ్మాయి మూడోది!" పదిహేడు మందిలో మూడో స్థానాన్ని అంత గట్టిగా చాటినవాడు ఇంకొకడు ఉండడు.

తక్కిన జట్ల డ్రైవర్లు అభినందించడానికి వస్తే, ఆయన అడక్కుండానే చెప్పడం మొదలెట్టాడు. "నిన్న నేనో తప్పు చేశాను, మీరు చెయ్యొద్దు..." అందరినీ నా లోపలికి తీసుకొచ్చి బరువెక్కడ పెట్టాలో చూపించాడు.

సాయంత్రం కెజియా కారును నాలోకి ఎక్కించింది. టైర్లకు కరిగిన రబ్బరు అంటుకుని ఉంది, ఇంజను ఇంకా కాలుతోంది. ఆ వేడి గూడూరు దాటేదాకా నా గోడల్లో చల్లారలేదు.