పులిని చూడబోయిన వేటకొడవలి

నేను ఒక వేటకొడవలిని. పేరు వినగానే ముఖం అలా పెట్టకండి. మీ వంటింట్లో కత్తిపీట నాకు చుట్టమే. దానికి వంకాయలు దొరికాయి, నాకు మనుషులు దొరికారు, అంతే.

నంద్యాల దారిలో బోల్తా పడిన ఒక లారీ కమాను పట్టీ నుంచి పుట్టాను. ఆ బోల్తాలో డ్రైవరు పోయాడట. అంటే నేను కళ్లు తెరవకముందే ఒక ప్రాణం నా ఖాతాలో పడిందన్నమాట. కొత్తబురుజు కమ్మరి బ్రహ్మయ్య ఆచారి నన్ను కొలిమిలో ఎర్రగా కాల్చి, దాకలి మీద పడేసి, సమ్మెటతో బాదాడు. అరిచినా వదల్లేదు. వంచాడు, నీళ్లలో ముంచాడు, మళ్లీ కాల్చాడు. అంత బాదించుకున్నదానికి మెత్తని స్వభావం ఎక్కడి నుంచి వస్తుంది చెప్పండి?

నన్ను చేయించుకున్నవాడు సుంకన్న. దేవర జాతర నాడు పొట్టేలు మెడ ఒక్క వేటుకు తెగాలని అతని కోరిక. తెగింది. ఊరు ఊరంతా ఈలలు వేసింది, నాకు పసుపు కుంకుమలు పూసింది. ఆ మరుసటి ఏడాది తేరు ముందు మొదటి టెంకాయ ఎవరు కొట్టాలన్న తగువు వచ్చింది. సుంకన్న కొట్టాలా, చిన్నోబన్న కొట్టాలా? టెంకాయ సంగతి ఏమైందో నాకు తెలియదు గానీ, చిన్నోబన్నను మాత్రం శనగచేని గట్టు మీద సుంకన్న నాతోనే నరికాడు. టెంకాయ కోసం తలకాయ పగలగొట్టే జాతి మీది. మమ్మల్నేమో క్రూరమైన ఆయుధాలంటారు!

కొన్నాళ్లకు సుంకన్న ఒక పెండ్లికి పోతూ, శుభానికి పోతూ కొడవలి ఎందుకని నన్ను అటక మీద పెట్టి వెళ్లాడు. చిన్నోబన్న మనుషులు కల్లం దగ్గర కాచి చంపారు. మంచం మీద తెచ్చారు. అతని భార్య తిమ్మక్క గుండెలు బాదుకుంటూ ఒకటే మాట అంది, వట్టి చేతులతో పోయినాడే అని. చంపినవాడు కాబట్టి చచ్చాడని ఆమెతో ఎవరూ అనలేదు, ఆమెకూ తట్టలేదు.

ఆపైన నేను కొడుకు మద్దిలేటి చేతికి వచ్చాను. మూతి మీద మీసం సరిగా రాని వయసు. బస్టాండు హోటల్లో చిన్నోబన్న తమ్ముడు ఇడ్లీ తింటుంటే వెనక నుంచి వెళ్లి వేశాడు. ఆ మనిషి చట్నీలోకి ఒరిగిపోయాడు. పోలీసులకు నా బదులు ఇంకో కొడవలిని అప్పగించారు. హోటలు నిండా జనం ఉన్నా సాక్షులందరూ ఆ సమయానికి చేతులు కడుక్కుంటున్నారట. కేసు కొట్టేశారు. తరువాత పెద్దమనుషులు కూర్చుని, చిన్నోబన్న కొడుకు ఓబులేసుకూ మద్దిలేటికీ రాజీ చేశారు. ఇద్దరూ ఒక ఆకులో తాంబూలం వేసుకున్నారు. ఇద్దరూ ఇంటికి పోయి కొడవళ్లు నూరుకున్నారు.

రాజీ అయినా మద్దిలేటి పద్ధతులు మారలేదు. ఊరు దాటేరోజు ఎవరికీ చెప్పడు. ఒక దారి చెప్పి ఇంకో దారిన పోతాడు. ముందు ఒక జీపు ఖాళీగా పోవాలి. నేను సీటు కింద ఉండాలి. పిల్లలు పుట్టాక ఇంకొకటి కలిసింది. కూతురు చైత్రను ఒక పక్కన, చిన్నవాడు హర్షను ఒక పక్కన కూర్చోబెట్టుకుని తాను నడుమ కూర్చుంటాడు.

ఇలాంటి ఇంట్లో చైత్రకు పులిని చూడాలని కోరిక పుట్టింది. ఐదో తరగతి పిల్ల. బడిలో ఎవరో నల్లమల సఫారీకి పోయి వచ్చి చెప్పిన కబుర్లు విని, ఇంటి గోడల మీదంతా పులులు గీసేసింది. ఒక సాయంత్రం మద్దిలేటి అన్నం తింటుంటే పక్కన చేరింది.

“నాయనా, సఫారీకి ఏ పొద్దు పోతాం?”

“సెప్పగూడదు మ్మా.”

“ఏ దోవన పోతాం?”

“అదీ సెప్పగూడదు.”

“పులికన్నా సెప్పినావా?”

మద్దిలేటికి నవ్వు ఆగలేదు, పొలమారింది. అతని భార్య సునంద మాత్రం నవ్వలేదు. మొగుడి ముందు నీళ్ల చెంబు ఠప్పున పెట్టింది.

“మనం పులిని సూసేదానికి పోతాండామా, నరికేదానికి పోతాండామా? ముందర ఒక జీపు, ఎనక ఒక జీపు. బిడ్డల్ని ఆపక్కొకరిని ఈపక్కొకరిని పెట్టుకోని కూసుంటావు. బాంబు ఏసేటోడు పిల్లోల్లను సూసి ఆగుతాడనే గదా? నా బిడ్డలు నీకు తలుపు రెక్కలా?”

ఆ మాట మద్దిలేటికి ఎక్కడో తగిలింది. ముద్ద నోట్లో పెట్టుకోకుండా కూర్చున్నాడు.

“ఈ ఒక్కతూరి అందరి మాదిరి పోదాం,” అంది సునంద, గొంతు తగ్గించి. “నా బిడ్డలు కడుపు నిండా నవ్వి ఒక దినం ఇంటికి రావాల. అటక మింద ఉండే దాన్ని ఆడనే ఉండనీ. ఈల్ల తలకాయల మింద సెయ్యి పెట్టి సెప్పు.”

ఎంగిలి చెయ్యి కడుక్కుని వచ్చి, ఇద్దరి తలల మీద చేతులు పెట్టాడు. “తీసుకోని రాను. సాలా?” అన్నాడు. నేను అటక మీద నుంచి అంతా విన్నాను. నా ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లు కాపలా కాసిన నన్ను చీపురు పుల్లలా తీసేశాడు.

నన్ను వదిలాడు గానీ అలవాటును వదలగలడా? టీకొట్టు దగ్గర నిలబడి నలుగురూ వినేలా, “ఆదివారం పిల్లోల్లను పడమటి గేటు కాడికి తోలకపోతాండా” అన్నాడు. అసలు అనుకున్నది బుధవారం, తూర్పు గేటు. ఆ సంగతి సునందకు కూడా ముందురోజు గానీ చెప్పలేదు.

ఆ ముందురోజే తిమ్మక్క వాకిట్లో కూర్చుని మనుమరాలి తలకు నూనె రాస్తూ గొణిగింది. “మీ జేజినాయన వట్టి సేతుల్తో గడప దాటింది ఒక్క దినమే మ్మే. మంచం మింద తెచ్చిరి.” చైత్ర తల దువ్వించుకుని లేచింది. తల్లి వంటింట్లో ఓళిగలు కాలుస్తుంటే, జొన్నల డ్రమ్ము మీదికి ఎక్కి అటక మీద నన్ను వెతికింది. రెండు చేతులతో ఎత్తినా నా బరువుకు ఊగిపోయింది. అంత చిన్న చేతులు నన్ను పట్టుకోవడం అదే మొదలు. టవలులో చుట్టి బడిసంచిలో దోపింది. పిడి బయటికి పొడుచుకొస్తే దానికి తన టోపీ తగిలించింది.

అడవి గేటు దగ్గర కాపలా మనిషి అగ్గిపెట్టెలున్నాయా, ప్లాస్టిక్ ఉందా అని అడిగాడు. చిన్నపిల్ల బడిసంచిని ఎవరు వెతుకుతారు? పైకప్పు లేని సఫారీ జీపు ఎక్కారు. డ్రైవరు వెనక వరుసలో సునంద, హర్ష. ఆ వెనక మద్దిలేటి, చైత్ర. గైడు వెనక నిలబడ్డాడు. ఆ రోజు మద్దిలేటి పిల్లను లోపలికి జరిపి తాను అంచున కూర్చున్నాడు. సునంద వెనక్కి తిరిగి అది చూసింది. పెండ్లయినప్పటి నుంచి మొగుణ్ణి అంత ప్రేమగా చూడడం నేను ఎరగను. అతను జింకలు కనబడితే చప్పట్లు కొట్టాడు, నెమలిలా కూసి కొడుకును నవ్వించాడు. నేను సంచిలో నీళ్ల సీసా పక్కన ఒత్తుకుపోయి పడి ఉన్నాను.

ఎండిన వాగు మలుపులో గైడు చెయ్యెత్తాడు. జీపు ఆగింది. ఇసుకలో పులి. దాని పళ్ల కింద కణితి జింక గొంతు. కణితి వెనక కాళ్లు ఇంకా ఇసుకను తన్నుతున్నాయి. పులి కదలదు, గుర్రుమనదు, గొంతు వదలదు. నెత్తురు దాని గడ్డం మీదుగా కారుతోంది. చైత్ర తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“అది యాల సంపుతాంది నాయనా?”

“ఆకలి మ్మా.”

“ఇంకేం ల్యాదా?”

“ఇంకేం ల్యా,” అని మద్దిలేటి తన చేతుల వైపు చూసుకున్నాడు.

అప్పుడే ఎదుటి మలుపు తిరిగి ఇంకో సఫారీ జీపు వచ్చి ముక్కుకు ముక్కు ఆగింది. అందులో భార్య, ఇద్దరు మగపిల్లలతో ఓబులేసు. పెద్దవాడి కళ్ల దగ్గర దుర్భిణి.

“మద్దిలేటీ!” ఓబులేసు గొంతు కీచుమంది. “నువ్వు ఆదివారం గదా వచ్చేది? పడమటి గేటు గదా? నీకు ఎదురు పడగూడదనే ఈ పక్క వచ్చినా గదరా!”

చూశారా మీ తెలివి! ఒకడు దొంగతేదీ చెప్పి తప్పించుకున్నాడు, ఇంకొకడు ఆ తేదీని నమ్మి తప్పించుకున్నాడు, ఇద్దరూ ఇంత పెద్ద అడవిలో ఒకే బాట మీదికి వచ్చి పడ్డారు.

మద్దిలేటి లేచి రెండు చేతులూ పైకెత్తాడు. “నా సేతుల్లో ఏం ల్యా. సూడు. పిల్లోల్లు ఉండారు.”

“నాకూ ఉండారు.”

“మా జీపు ఎనక్కి తీస్తాం. మీరు పోండి.”

ఓబులేసు నెమ్మదిగా తల ఊపాడు. అతని చేతులూ పైకి లేచాయి. గైడు వెనక్కి తిరిగి దారి చూపుతుంటే మా డ్రైవరు రివర్సు గేరు వేశాడు. అంతే, అయిపోయింది. ఇంకొక్క నిమిషం గడిస్తే సునంద అడిగిన దినం ఆమెకు దక్కేది.

చైత్రకు మాత్రం తండ్రి మాటలు వినబడలేదు. ఎత్తిన రెండు వట్టి చేతులు కనబడ్డాయి. సంచిలోంచి నన్ను లాగి, తండ్రి కిందికి దించిన చేతిలో పిడి పెట్టింది. “నాయనా, ఇదో. నేను తెచ్చినా,” అని గుసగుసగా చెప్పింది. మద్దిలేటి కూతుర్ని చూశాడు. ఆ చూపులో భయం ఉంది. కానీ వేళ్లకు ప్రమాణాలు తెలియవు. అవి పిడి చుట్టూ బిగుసుకున్నాయి, నా మీద ఎండ మెరిసింది.

“మోసం! మోసంరా కొడకా!”

ఓబులేసు జీపులోంచి జాకీ రాడ్డు లాక్కుని దూకాడు. అడ్డం వచ్చిన గైడు నుదురు పగిలి కిందపడ్డాడు. రెండో దెబ్బ చైత్ర తలకు జానెడు దూరంలో సీటు ఇనుప కడ్డీ మీద పడి ఖణేలుమంది. అప్పుడు మద్దిలేటి నన్ను దించాడు. మెడకూ భుజానికీ నడుమ దిగి ఎముక దగ్గర ఆగాను. పెరికి మళ్లీ దించాడు. ఆ రెండో వేటు అక్కర్లేదు. మొదటిదానికే రాడ్డు చేజారిపోయింది. ఓబులేసు వాగులోకి దొర్లి, ఇసుకలో కాళ్లు తన్నుకున్నాడు. అతని భార్య అరుపులకు పులి కణితిని వదిలేసి పొదల్లోకి పోయింది. పెద్దకొడుకు దుర్భిణి కళ్ల మీద నుంచి దించలేదు. నాకు జాలి లేదని చెప్పుకుంటాను గానీ, ఆ పిల్లవాణ్ణి చూడలేకపోయాను.

ఈసారి బదులు కొడవలి లేదు. లక్క ముద్ర వేసి, చీటీ కట్టి నన్నే కోర్టు బల్ల మీద పెట్టారు. మద్దిలేటి తరఫు ప్లీడరు బోను దగ్గరికి వెళ్లి బతిమాలాడు. కొడవలి నువ్వు తేలేదని తేలితే పథకం ప్రకారం చేసిన హత్య కాదని వాదిస్తాను, ఎవరు తెచ్చారో చెప్పు, శిక్ష తగ్గుతుంది అన్నాడు.

“నేనే తెచ్చినా,” అన్నాడు మద్దిలేటి, అందరికీ వినబడేలా. “సీటు కింద పెట్టుకోనొచ్చినా.”

సర్కారు ప్లీడరు పండగ చేసుకున్నాడు. ఊళ్లో ఒక రోజు చెప్పాడు, ఇంకో రోజు వెళ్లాడు. ఒక గేటు చెప్పాడు, ఇంకో గేటు దగ్గర తేలాడు. భార్యకు కూడా ముందురోజు దాకా దాచాడు. పిల్లల సరదా ప్రయాణమంతా పూసగుచ్చినట్టు హత్యాపథకమైపోయింది. యావజ్జీవం వేశారు.

సునంద ఏడవలేదు. నిలబడి బోను వైపు వేలు చూపించింది. “బిడ్డల తలకాయల మింద సెయ్యి పెట్టి సెప్తివే! నీ నోట్లో మన్ను పడ! ఇంగ నా మొగం సూడొద్దు!”

మద్దిలేటి తల దించుకున్నాడు. బతుకంతా మాటలు తప్పినవాడు, నిలబెట్టుకున్న ఒకే ఒక్క మాటకు తిట్లు తిన్నాడు. సునంద పిల్లల చేతులు పట్టుకుని తలుపు దాకా వెళ్లింది. అక్కడ చైత్ర చెయ్యి విడిపించుకుని వెనక్కి పరుగెత్తింది.

“మా, నాయన తేల్యాదు! నేను…”

మద్దిలేటి బోనులోంచి రెండు చేతులూ జోడించాడు. దొరల ముందు, దేవుడి ముందు జోడించగా నేను చూడని చేతులు. కూతురి వైపు జోడించి, వద్దు వద్దని తల అడ్డంగా ఊపుతున్నాడు. సునంద ఆ చేతులు చూసింది. కూతుర్ని చూసింది. బల్ల మీద ఉన్న నన్ను చూసింది. ఆమెకు అర్థమైంది. ఒక్క అంగలో వచ్చి పిల్లను పొట్టకు అదుముకుని, నోరు అరచేత్తో మూసేసింది.

“ఆ పాప ఏమంటోంది?” అని జడ్జిగారు అడిగారు.

“ఏం ల్యా అయ్యా,” అంది సునంద, మొగుడి కళ్లలోకి చూస్తూ. “నాయన కోసరం ఏడుస్తాంది.”

ఇప్పుడు నేను పోలీసుల సామాన్ల గదిలో, పగిలిన సారా సీసాల పక్కన పడి ఉన్నాను. తుప్పు పట్టింది. ఆమె మళ్లీ మొగుడి ముఖం చూసిందో లేదో ఇక్కడికి కబురు రాలేదు. ఆ పిల్ల నోటి మీద నుంచి చెయ్యి ఎప్పుడు తీసిందో కూడా నాకు తెలియదు.