మట్టి ఆకలి

నా మూత్రపిండాలు చెడి మూడేళ్ళయింది. పరగడుపున ఐరన్ మాత్ర, తర్వాత రక్తపోటు మాత్రలు రెండు, భోజనంతో కాల్షియం మాత్ర. ఒక్క పూట కూడా మానలేదు. ఉప్పుచేప లేకుండా మొక్కజొన్న పిండి అక్ప్లే ముద్ద మింగడం నేర్చుకున్నాను. అయినా నాలో రక్తం తగ్గుతూనే ఉంది. కిందటి నెల ఎనిమిది, ఈ నెల ఆరున్నర.

హో పట్నం ఆసుపత్రిలో సిస్టర్ మావుసి నేను తెచ్చిన ఖాళీ మాత్రల అట్టలు తిప్పి తిప్పి చూసింది. మాత్రలు పారేసి అట్టలు పట్టుకొచ్చేవాళ్ళు ఉంటారట. ఇలాగే ఉంటే గుండె అలసిపోతుందని, ఇంకో రెండు వారాల్లో పెరగకపోతే వార్డులో చేర్చి రక్తం ఎక్కించాల్సిందేనని చెప్పి, దాచకుండా నిజం చెప్పమంది.

నా పక్కన మా ఆయన చెల్లెలు యాయ్రా కూర్చుని ఉంది. ఆయన పోయాక నాకు తోడు వచ్చేది ఆవిడే, మాత్ర మింగేదాకా ఎదురుగా కూర్చునేదీ ఆవిడే.

"నా కళ్ళ ముందే మింగుతుంది సిస్టర్. మా వదినకి మొండితనం ఉంది గాని దొంగబుద్ధి లేదు" అంది.

ఆ మాట తర్వాత నేను తలెత్తలేకపోయాను.

మా ఆడవాళ్ళు కడుపుతో ఉన్నప్పుడు తెల్లమట్టి తింటారు. గుడ్ల ఆకారంలో చేసి బజారులో అమ్ముతారు. నా వయసు మనిషి కొంటే ఎవరికని అడుగుతారు. కోడలికని చెప్పేదాన్ని. నాకు కోడలూ లేదు, కొడుకూ లేడు. పెళ్ళయిన కొత్తలో రెండుసార్లు నెల తప్పింది. రెండూ నిలవలేదు. ఆ రెండుసార్లూ మట్టి తిన్నాను.

మూడేళ్ళ కిందట మళ్ళీ ఆ కోరిక పుట్టింది. వానకు తడిసిన గోడ వాసన తగిలితే నోరూరేది. యాభై నాలుగేళ్ళ ఒంట్లో బిడ్డ మీద ఆశ ఇంకా చావలేదన్నమాట, అనుకున్నాను. ఆ ఆశకు సిగ్గుపడ్డాను. సిగ్గుపడుతూనే దాన్ని పోషించాను. మాత్ర మింగించి యాయ్రా అటు వెళ్ళగానే ఒక ముక్క కొరికేదాన్ని.

"మట్టి తింటున్నాను సిస్టర్" అన్నాను.

యాయ్రా ఫక్కున నవ్వింది. "ఈ వయసులోనా వదినా? నాకు చెప్పకుండా ఎవణ్ణి చేసుకున్నావు?" అని మోచేత్తో పొడిచింది. తర్వాత నా ముఖం చూసింది.

సిస్టర్ నవ్వలేదు. ఎప్పుడు తింటానని అడిగింది. మాత్ర మింగిన వెంటనే అన్నాను. ఆవిడ కలం కింద పెట్టింది. ఆ మట్టి కడుపులోనే మాత్రను పట్టేసుకుంటుందట. ఐరన్ రక్తంలోకి చేరదట. ఇన్నాళ్ళూ నేను మింగిందంతా మట్టికే పోయింది.

"రక్తం తగ్గినవాళ్ళకి మట్టి మీదికి మనసు పోతుందమ్మా. నీలాంటి రోగుల్లో చూస్తూనే ఉంటాం. అది నీ తప్పు కాదు, జబ్బు చేయించే పని. మట్టి మానేసి మాత్ర వేసుకో. రక్తం పెరిగితే ఆ కోరికే పోతుంది."

ఊరట కలగాలి. కలిగింది కూడా. కాని లోపల ఏదో చోటు ఖాళీ అయింది. ఇన్నాళ్ళూ నాదనుకుని దాచుకున్న ఆశ రక్తం లేకపోవడమేనట. మందు సరిగ్గా పనిచేస్తే అది పోతుందట.

బయట బల్ల మీద కూర్చున్నాక యాయ్రా తనకెందుకు చెప్పలేదని అడిగింది. నిలవని ఆ రెండు కడుపుల సంగతీ, నేను కల్పించుకున్న ఆశ సంగతీ చెప్పాను. ఆవిడ అరచేయి చాచింది. నడుముకు చుట్టుకున్న గుడ్డ ముడి విప్పి, అందులో దాచిన మట్టి ముక్కలు రెండు ఇచ్చాను. ఇంకొకటి గుప్పిట్లోనే ఉంచుకున్నాను.

ఆవిడ చేయి వెనక్కి తీసుకోలేదు.

"ఆ ఇద్దరికీ పేర్లు అనుకున్నావా వదినా?" అంది.

ముప్పై ఏళ్ళలో ఆ మాట నన్నెవరూ అడగలేదు. అనుకున్నానని చెప్పాను. ఏమిటో కూడా చెప్పాను. చెబుతూ ఉండగానే గుప్పిట విప్పాను.