మేడం ఇచ్చిన మాట

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగి, కోచింగ్ సెంటర్లూ హాస్టళ్ల బోర్డులూ దాటుకుంటూ లోపలి సందులోకి తిరిగితే ఐలమ్మ మెమోరియల్ హైస్కూల్ వస్తుంది. మూడంతస్తుల పాత బిల్డింగు. గ్రౌండు పెద్దదేం కాదు గానీ, ఆ చుట్టుపక్కల పిల్లలు పరుగెత్తడానికి కాస్త ఖాళీ జాగా ఉన్న బడి అదొక్కటే. స్వర్ణలత అందులో లెక్కల టీచరుగా చేరి, ప్రిన్సిపాల్ దాకా ఎదిగింది. పోచంపల్లిలో మగ్గం మీద బతికిన ఇంటి పిల్ల. ఇంట్లో బీఈడీ చదివిన మొదటి మనిషి ఆమే.

రోజూ ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, పిల్లల కంటే ముందే వచ్చి గేటు దగ్గర నిలబడేది. ఏ పిల్ల అన్నం తినకుండా వచ్చిందో, ఏ తండ్రి విసుక్కుంటూ దింపిపోయాడో అక్కడే తెలిసిపోయేది. లోపలికి వెళ్లాక ఆ రోజు రాని టీచర్ల క్లాసులు ఎవరికి సర్దాలో చూసుకునేది. బాత్రూముల్లో నీళ్లు వస్తున్నాయో లేదో తనే వెళ్లి చూసేది. కొత్త టీచర్ల పాఠాలు వెనక బెంచీలో కూర్చుని వినేది. తప్పు చేసిన టీచరును తన గదిలో తలుపేసి గట్టిగానే మందలించేది. అదే టీచరు మీదికి తల్లిదండ్రులు వస్తే మాత్రం తను అడ్డం నిలబడేది. ప్రిన్సిపాల్ పని సగం పాఠాలైతే సగం తిట్లు తినడం అని నవ్వుతూ అనేది.

ఆ పనంతా ఆమె దగ్గర నేర్చుకున్న మనిషి సంధ్యారాణి. సూర్యాపేట నుంచి వచ్చి డెమో క్లాసు చెప్పిన రోజు ఆ పిల్ల గొంతు వణికింది, సుద్దముక్క చేతిలోంచి జారింది. మేనేజ్‌మెంట్ వద్దంది. స్వర్ణలతే పట్టుబట్టి తీసుకుంది. టైం టేబుల్ వేయడం, కోపంతో వచ్చిన తండ్రిని ముందు కూర్చోబెట్టి మంచినీళ్లివ్వడం, ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన ఆఫీసరుతో తొణక్కుండా మాట్లాడటం, అన్నీ దగ్గరుండి నేర్పింది. చివరికి వైస్ ప్రిన్సిపాల్‌ని చేసింది. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని కూరలు పంచుకుని తినేవాళ్లు.

బడి పెట్టింది ఎల్లయ్య. ఆ ప్రాంతం ఊరుగా ఉన్నప్పటి నుంచీ అక్కడ భూములున్న కుటుంబం. భార్య పేరు మీద బడి కట్టించి, పోయేదాకా చూసుకున్నాడు. ఆయన తర్వాత కొడుకు బాల్‌రాజ్ చైర్మన్ అయ్యాడు. ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర ప్లాట్ల ఆఫీసు నడుపుతాడు. బడి సంగతి ఏదడిగినా "అంతా అక్క చూసుకుంటది" అనేవాడు. స్వర్ణలతకూ అతను తమ్ముడి లెక్కే.

ఒక ఏడాది జూన్‌లో బడి అమ్మేస్తున్నారని పుకారు లేచింది. బడి తెరిచిన వారం నుంచే తల్లిదండ్రులు టీసీల కోసం రావడం మొదలుపెట్టారు. వాళ్లలో కృష్ణకుమారి ఒకావిడ. విజయవాడ నుంచి వచ్చి స్థిరపడి, కొత్తపేటలో ఒక చీరల షాపులో పని చేస్తుంది. కూతురు జ్యోతిక అప్పుడే పదో తరగతిలోకి వచ్చింది. వేరే బడిలో సీటు కూడా మాట్లాడుకుని వచ్చింది ఆవిడ.

ఆవిడ వచ్చిన రోజు సాయంత్రం బాల్‌రాజ్ బడికి వచ్చాడు. తల్లిదండ్రుల మీటింగు పెట్టి, బడి ఎక్కడికీ పోదని చెప్పమన్నాడు. స్వర్ణలత సూటిగా అడిగింది.

"నిజం చెప్పు తమ్మీ. అమ్ముతున్నవా?"

"మా అమ్మ పేరున్న బడి అక్కా. ఎట్ల అమ్ముత? నేను చెప్తే ఎవలు నమ్ముతరు, నువ్వు చెప్తే ఆగుతరు."

ఆమె నమ్మింది. శనివారం గ్రౌండులో మైకు పట్టుకుని, ఈ బడి ఇలాగే ఉంటుందనీ, పదో తరగతి పిల్లల్ని పరీక్షల దాకా తనే దగ్గరుండి చదివిస్తాననీ, ఇది తన మాట అనీ చెప్పింది. పక్క కుర్చీలో ఉన్న సంధ్యారాణి ముందుగా చప్పట్లు కొట్టింది. తర్వాత అందరూ కొట్టారు. కృష్ణకుమారి టీసీ తీసుకోకుండానే వెళ్లిపోయింది.

దసరా సెలవులయ్యాక ఒక ఉదయం, ఇద్దరు మనుషులు నిచ్చెన వేసుకుని బడి ముందుగోడను టేపుతో కొలుస్తూ కనిపించారు. ఏం పని మీద వచ్చారని స్వర్ణలత అడిగింది. కొత్త బోర్డుకు కొలతలని ఒకతను చెప్పాడు. సిటీ అంతా బ్రాంచీలున్న ఒక పెద్ద విద్యాసంస్థ పేరు చెప్పి, వాళ్లే పంపారన్నాడు. ప్రిన్సిపాల్ మేడంను కలిసి గోడ చూపించుకోమన్నారట.

"ప్రిన్సిపాల్‌ను నేనే" అంది స్వర్ణలత.

అతను ఫోను తీసి చూసుకుని, "సంధ్యారాణి మేడం మీరేనా?" అని అడిగాడు.

ఆ మేడం లోపలున్నారని చెప్పి స్వర్ణలత పక్కకు జరిగింది. బెల్లు కొట్టారు, ప్రార్థన అయింది. సైన్స్ టీచరు రాకపోతే ఎనిమిదో తరగతికి తనే వెళ్లి పాఠం చెప్పింది. ఏం చెప్పిందో ఆమెకే గుర్తులేదు.

మధ్యాహ్నం సంధ్యారాణి ఎప్పటిలాగే టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చింది. స్వర్ణలత తన డబ్బా మూత తీయలేదు. ఎప్పటి నుంచి తెలుసని మాత్రం అడిగింది. సంధ్యారాణి తన డబ్బా బల్ల మీద పెట్టేసింది.

"ఎండాకాలం సెలవులల్ల చైర్మన్ సార్ పిలిచి చెప్పిండు మేడం. బయట పడితే ఇద్దరి నౌకర్లు పోతయన్నడు. మీ వయసోళ్లను ప్రిన్సిపాల్‌గ పెట్టుకోరట వాళ్లు. నేను కాదంటే బయటోళ్లను తెస్తమన్నరు."

"నాకు చెప్పకపోతివి, సరే. భయపడ్డవనుకుంట. మీటింగుల నా పక్కన కూసున్నవ్ గద సంధ్యా. చప్పట్లు ముందుగాల నువ్వే కొట్టినవ్."

సంధ్యారాణి ఏడ్చింది. ఇదే గదిలో ఎన్నోసార్లు ఆ పిల్ల కన్నీళ్లు తుడిచింది స్వర్ణలత. ఈసారి చెయ్యి కదల్లేదు. లేచి బయటికి నడిచింది.

సాయంత్రం ఎల్బీనగర్‌లో బాల్‌రాజ్ ఆఫీసుకు వెళ్లింది. అతను లేచి ఎదురొచ్చాడు, చాయ్ తెప్పించాడు. తనే చెబుదామనుకుంటున్నానన్నాడు. మంచి రోజు కోసం ఆగానన్నాడు. జనవరి నుంచి బడి కొత్త వాళ్లదట. పదో తరగతి పిల్లల్ని మాత్రం వనస్థలిపురంలో వాళ్ల బ్రాంచికి మార్చి, అక్కడ పొద్దుటి నుంచి రాత్రి దాకా చదివిస్తారట. అక్కకు సలహాదారు అని ఒక పోస్టు కూడా మాట్లాడాడట, వారానికి ఒకసారి వస్తే చాలట.

"జూన్‌ల నాతోని ఎందుకు చెప్పిచ్చిండ్రు సార్?" అని అడిగింది స్వర్ణలత.

ఆ 'సార్' అన్న పిలుపుకు బాల్‌రాజ్ మొహం చిన్నబోయింది. "పిల్లలుంటేనే గద అక్కా బడికి విలువ. అప్పుడు అందరు టీసీలు పట్టుకపోతే, ఉత్త బిల్డింగు ఎవలు కొంటరు?"

చాయ్ ముట్టకుండా వచ్చేసింది. చౌరస్తాలో విజయవాడ బస్సుల కోసం జనం సంచులతో నిలబడి ఉన్నారు. ఆ గోల మధ్య నడుస్తుంటే ఆమెకు ఒక్కటే తలపుకొచ్చింది. ఇన్నేళ్లు తను కూడబెట్టుకుంది ఏదైనా ఉంటే, అది తన మాట మీద ఆ తల్లిదండ్రులకున్న నమ్మకమే. దాన్నే బిల్డింగుతో పాటు కలిపి అమ్మేశారు. అమ్మే ముందు తన చేతే దానికి మెరుగు పెట్టించారు.

మర్నాడు గేటు దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి తల్లికీ తండ్రికీ తనే చెప్పింది. జూన్‌లో తను చెప్పింది నిజం కాదని, బడి అమ్మేశారని, పదో తరగతిని వనస్థలిపురం మారుస్తున్నారని. కొందరు నమ్మలేనట్టు చూశారు. కొందరు అరిచారు. కృష్ణకుమారి అరవలేదు.

"మిమ్మల్ని చూసే కదండీ ఆగింది. వేరే చోట సీటు కూడా వదులుకున్నాను. ఇప్పుడెక్కడికి తీసుకెళ్లను దీన్ని? టెన్త్‌లో ఈ టైములో ఎవరు చేర్చుకుంటారు?"

"చేర్చుకోరు" అంది స్వర్ణలత.

నన్నూ మోసం చేశారన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆ మాటతో ఈ తల్లికి ఏం ఒరుగుతుందని మింగేసింది. జ్యోతిక అమ్మ కొంగు పట్టుకుని, మేడం వైపు చూడలేక నేల చూస్తోంది.

పదింటికల్లా గ్రౌండు నిండిపోయింది. సగం మంది టీసీలు ఇచ్చేయమంటున్నారు. కబురందుకుని బాల్‌రాజ్ కారులో ఉరికొచ్చాడు. జనాన్ని చూసి చెమటలు తుడుచుకుంటూ స్వర్ణలత దగ్గరకొచ్చి, జర నువ్వే సముదాయించక్కా అని బతిమాలాడు. ఆమె మైకు తెచ్చి అతని చేతిలోనే పెట్టింది.

"నేను చెప్పుడు అయిపోయింది సార్. పదో తరగతి పరీక్షలయ్యేదాక ఈడనే ఉంటది, ఇదే టీచర్లతోని. ఆ మాట మీ నోటితోని చెప్పుండ్రి. అట్లయితేనే నేను వాళ్లను ఆగమని అడుగుత."

బాల్‌రాజ్ పక్కకెళ్లి కొత్త వాళ్లతో ఫోనులో చాలాసేపు మాట్లాడాడు. జనం గేటు దాకా నిండి ఉన్నారు. చివరికి మైకు పట్టుకున్నాడు. తల్లి పేరు మీద ఒట్టేసి, పదో తరగతి కదలదన్నాడు. ఎదురుగా తల్లిదండ్రులంతా ఫోనులెత్తి వీడియో తీసుకుంటున్నారు. ఇంక వెనక్కి పోయే దారి లేకపోయింది అతనికి. అప్పుడు స్వర్ణలత పదో తరగతి తల్లిదండ్రులను ఆగమని అడిగింది, వాళ్లు ఆగారు.

జనవరిలో కొత్త బోర్డు వెలిగింది. కింది అంతస్తుల్లో కొత్త యూనిఫాంలు, కొత్త పుస్తకాలు వచ్చాయి. పై అంతస్తులో పాత యూనిఫాంలతో పదో తరగతి ఒక్కటే మిగిలింది. ప్రిన్సిపాల్ గది సంధ్యారాణికి ఇచ్చారు. స్వర్ణలత స్టాఫ్‌రూములో ఒక మూల కుర్చీ తీసుకుని, పొద్దున్నా సాయంత్రమూ లెక్కలు చెప్పింది. మెట్ల మీద ఎదురైతే సంధ్యారాణి ఆగేది, ఏదో అనబోయేది. స్వర్ణలత దారిచ్చి పక్కకు జరిగేది. పరీక్షలు అయిపోయిన రోజు పిల్లలందరితో ఫోటో దిగి, ఎవరికీ చెప్పకుండా ఇంటికి వచ్చేసింది.

ఫలితాలు బాగా వచ్చాయి. ఒకసారి మెట్రోలో జ్యోతిక కనిపించి, పరుగెత్తుకొచ్చి తన మార్కులు చెప్పింది. కృష్ణకుమారి సీట్లోంచి లేవలేదు. ఒకసారి తలూపి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. స్వర్ణలత ఆవిడను తప్పుపట్టలేదు. ఆ రాకపోకల్లో మళ్లీ ఎప్పుడు ఎదురుపడినా అంతేనని తెలిసిపోయింది.

మళ్లీ జూన్ వచ్చేసరికి అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఒక చిన్న బడిలో లెక్కల టీచరుగా చేరింది. ప్రిన్సిపాల్‌గా ఉండమని వాళ్లు అడిగినా ఒప్పుకోలేదు. ఒక పొద్దున బస్సు దిగి నడుస్తుంటే ఫోను మోగింది. సంధ్యారాణి పేరు కనిపించింది. మోగనిచ్చింది. రెండోసారి మోగితే ఎత్తింది.

అవతల గొంతు, డెమో క్లాసు రోజు వణికినట్టే వణికింది. ఈ ఏడాది పెద్ద వయసు టీచర్లను తీసేయమని పైనుంచి చెప్పారట. వచ్చే నెల దాకా వాళ్లకు తెలియనివ్వద్దన్నారట, మధ్యలో పాఠాలు ఆగిపోతాయని.

"వాళ్ల మొఖాలు చూడలేకపోతున్న మేడం. ఏం చెయ్యమంటరు?"

స్వర్ణలత రోడ్డు పక్కన ఆగింది. కోపంగా అనడానికి ఆమెకు చాలా మాటలే ఉన్నాయి. కానీ ఆ టీచర్లంతా తను ఏరి తెచ్చుకున్నవాళ్లు.

"ఇవ్వాళనే చెప్పు" అంది. "ఇంకో బడి చూసుకుంటందుకు వాళ్లకు ఇదే టైం."

"చెప్తే నా నౌకరి..."

"అది నువ్వు చూసుకో" అని ఫోను పెట్టేసింది.

బడి గంట వినిపించింది. మొదటి పీరియడు తొమ్మిదో తరగతికి. ఆమె అడుగులు వేగం చేసింది.