మంచు తొక్కే పిలుపు

కౌలుకి పొలమిస్తారు, గొర్రెల మందనిస్తారు, పడే మంచునెట్లా ఇస్తారే అమ్మడూ, రాస్తున్నావా, నెమ్మదిగానే చెప్తాలే, నేనెప్పుడు గబగబా మాట్లాడాను గనక, ఆఁ, ఇది మీ నాన్నకి, మా కామెన్‌కి, మున్సిపాలిటీలో మెంబరు గదా దొరగారు, సోమవారం చేతులెత్తుతారట, మన ఓవ్చా కొండని, స్కీలు జారే వాలుతో సహా, కొండెక్కించే కుర్చీల లిఫ్ట్‌తో సహా, రాజధాని సోఫియా నుంచొచ్చిన కంపెనీకి ముప్ఫై ఏళ్ళు కౌలుకి ఇవ్వాలా వద్దా అని, సగంమంది అటు, సగంమంది ఇటు, మధ్యలో వీడి చెయ్యొక్కటే తేలకుండా ఉంది, ముప్ఫై ఏళ్ళంటే నేనెలాగూ ఉండను, వాడూ ముసలాడైపోతాడు, మొన్న ఫోన్ చేసి, నాన్నా, లిఫ్ట్ ఆగిపోయి రెండు చలికాలాలైంది, తుప్పు కుర్చీలు చూపించి ఎవర్ని రమ్మంటావ్, వాళ్ళొస్తే కనీసం తిరుగుతుందిగా అన్నాడు, తిరుగుతుందిరా, ఎవరికోసం తిరుగుతుంది అన్నాను, పెట్టేశాడు, వాడన్నది అబద్ధమైతే బాగుండేది, నిజమే గదా, గేరుపెట్టె విరిగితే బాగుచేయించే దిక్కులేదు మున్సిపాలిటీకి, ఆ నిజమే నన్ను కాలుస్తోంది, పొయ్యిలో ఇంకో కట్టె వెయ్యి తల్లీ, పొగొస్తోంది.

కిందూరు దొల్నా బారా వాళ్ళు తమ కొండని ఇచ్చేశారుగా ముందే, మీ అమ్మ పుట్టిల్లు, మా వియ్యంకుడు గెంచో మొన్న వచ్చి చిక్కుడుగింజల పులుసు తింటూ చెప్పాడు, కొండంతా దీపాలు బావగారూ, జీతాలు ఒకటో తారీకునే, మా కుర్రాళ్ళకి పనులు దొరికాయి, ఏం పని బావా అంటే, కంచె కాపలా అన్నాడు, ఎవరు దూరకుండా అంటే, ఇంకెవరు, మేమే, అని పగలబడి నవ్వాడు, తాగుతున్న రకియా సారా పొలమారి దగ్గాడు, నేను వీపు తట్టాను, నవ్వు రాలేదు నాకు, మీ స్టాంకా అమ్మమ్మ ఈసారి ఇలిన్‌డెన్ పండక్కి కొండమీది గుడికి వెళ్ళలేదట, ఎండాకాలంలో లిఫ్ట్ తిప్పితే గిట్టుబాటు కాదట కంపెనీకి, ముసలమ్మలంతా కిందే నిలబడి పైకి చూసి శిలువ గీసుకున్నారట, మన ద్రాగినా, మీ నానమ్మ, ఉండుంటే తిట్టిపోసేది, లిఫ్టంటే చచ్చేంత భయం దానికి, అయినా పండగ మాంసం కుండ ఒళ్ళో పెట్టుకుని, మూతకి తలగుడ్డ కట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని, వచ్చేశామా, వచ్చేశామా అని దారంతా నన్ను గిల్లేది, రాలేదే, ఇంకా ఆకాశంలోనే ఉన్నాం అనేవాణ్ణి, ఆ కుర్చీ ఉంది చూడు, దాంట్లో ఇప్పుడు పిట్ట గూడు కట్టింది.

ఆ కొండ మాకెవరూ ఊరికే ఇవ్వలేదు, కమ్యూనిస్టు పార్టీ రోజుల్లో ఆదివారాలు రాళ్ళు ఏరించారు, ఇష్టమున్నవాళ్ళే రండి అనేవారు, రానివాడి పేరు గోడకెక్కించేవారు, అదీ ఇష్టం, కానీ మంచు తొక్కడానికి మాత్రం ఎవరూ చెప్పక్కర్లేదు, మొదటి పెద్ద మంచు పడగానే బడి దగ్గర వేలాడే ఇనప పట్టా కొట్టేవాళ్ళం, ఠంగుమంటే చాలు, ఊరంతా వాలు మీదే, చెయ్యీ చెయ్యీ పెనవేసుకుని, అడ్డంగా వరసకట్టి, అడుగు పక్కన అడుగు, తొక్కుకుంటూ దిగేవాళ్ళం, స్కీలు జారేలా మంచు గట్టిపడేదాకా, మీ నాన్న నా భుజాలమీద కూర్చుని, నన్ను దింపు నాన్నా, నేనూ తొక్కుతా అని ఏడ్చేవాడు, ఈ పొద్దున మంచు చూశావుగా, మోకాలిదాకా, నా కాళ్ళే నన్ను బడి దగ్గరికి తీసుకెళ్ళాయి, పట్టా కొట్టాను, చెయ్యి నొప్పెట్టేదాకా కొట్టాను, వచ్చారు, రాకపోవడమేం, పక్కింటి మింకో బకెట్టు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు, ఎక్కడ అంటుకుంది పెద్దాయనా, ఎవరిల్లు, అని, ఏం కాలట్లేదురా, మంచు పడింది, తొక్కుదాం అన్నాను, నన్ను చూశాడు, బకెట్టు చూసుకున్నాడు, గుండె ఆగిపోయేలా చేశావయ్యా అన్నాడు, కిటికీలోంచి ఆ బేకరీ పిల్ల, ఎందుకు తాతా ఆయాసం, కంపెనీ మెషీన్ వస్తుందిగా అంది, కిటికీలు ఒక్కొక్కటీ మూసుకున్నాయి, నువ్వూ గడపలో నిలబడి ఫొటో తీశావు, రాయి, అదీ రాయి, తల వంచుకోకు.

ఒక్కణ్ణే నాలుగడుగులు తొక్కాను, వెనక్కి తిరిగి చూస్తే, మేక పోయినట్టుంది జాడ, నవ్వొచ్చింది, అప్పుడు తట్టింది నాకు, ఇన్నాళ్ళూ ఆ సోఫియా వాళ్ళని తిడుతున్నాను, మీ నాన్న చేతిని తిడుతున్నాను, ఆ పట్టా చప్పుడు వింటే ఊరికి మంటలే గుర్తొచ్చాయి, మంచు గుర్తు రాలేదు, కొండని ఎప్పుడో వదిలేశామమ్మా, కాళ్ళతో వదిలేశాం, సోమవారం చేతులెత్తేది దానిమీద సంతకం పెట్టడానికే, అందుకని వద్దనమని వాణ్ణి అడగను, అడిగే మొహం నాకూ లేదు, ఊరికీ లేదు, ఆదివారం రమ్మను, మళ్ళీ పట్టా కొడతాను, నా పక్కన చెయ్యి పెనవేసి పైనుంచి కిందిదాకా ఒక్క వరస తొక్కమను, ఆ తర్వాత ఏ చెయ్యెత్తుకుంటాడో ఎత్తుకోమను, ఇది ఫోన్లో పంపకు, చదవడు వాడు, బస్సెక్కి వెళ్ళి, ఎదురుగా కూర్చుని, నువ్వే చదివి వినిపించు, నాలాగే, నెమ్మదిగా.