ఇరవై మూడో నంబరు

కెజియా మేడం పాఠం చెప్పేటప్పుడు పిల్లల్ని చూడదు. చివరి బెంచీ పైన పెచ్చులూడిన గోడను చూస్తుంది. బోగోలు నుంచి సముద్రం వైపు వెళ్ళే దారిలో ఉన్న ఆ డిగ్రీ కాలేజీలో పదకొండేళ్ళుగా ఆమె జువాలజీ అంతా ఆ గోడకే చెప్పింది. గోడకి పరీక్ష పెడితే ఫస్టు క్లాసులో పాసయ్యేది.

ఆ విద్య నేర్పింది కామాక్షయ్య గారు. అప్పట్లో ఆయన కెమిస్ట్రీ లెక్చరర్, ఇప్పుడు రిటైరైపోయాడు. ఆమె ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే వెనక బెంచీ కుర్రాళ్ళు ఆమె గొంతును వెక్కిరించి నవ్వారు. పాఠం మధ్యలో వదిలేసి స్టాఫ్ రూమ్‌కి వచ్చి ఏడ్చింది.

"ఏడవబాకమ్మా," అన్నాడాయన. "వాళ్ళ మొహాలు చూస్తే కదా బాధ? గోడని చూసి చెప్పుకుంటా పో. రాయి మాదిరి ఉండాల. నేను ముప్పై ఏళ్ళు అట్టనే నెట్టుకొచ్చినా."

పెద్దల మాట చద్దిమూట అన్నారు కదా, ఆమె ఆ మూట భద్రంగా దాచుకుంది. చద్ది ఎన్నాళ్ళుంటుంది, పులిసిపోదూ? ఆ సంగతి మాత్రం ఆమెకి ఎవరూ చెప్పలేదు.

ఏడుపైతే ఆగింది. దాంతోపాటు మరికొన్ని కూడా ఆగిపోయాయి. డౌట్లు అడిగేవాళ్ళు లేరు, వరండాలో పలకరించేవాళ్ళు లేరు. సొంతూరు సంగంలో అమ్మ పోయాక అక్కడికి వెళ్ళడమూ తగ్గింది. బోగోలులో ఒక గది, ఆదివారం చర్చిలో వెనక వరుసలో ఒక కుర్చీ, సోమవారం నుంచి మళ్ళీ గోడ. సాయంత్రం అన్నం వండుకుంటూ, ఇవాళ ఎవరితో ఏం మాట్లాడానా అని వెతుక్కుంటే హాజరు నంబర్లు తప్ప ఏవీ గుర్తొచ్చేవి కావు. ఒంటరితనానికి ధైర్యం అని పేరు పెట్టుకుని బతుకుతోంది పాపం.

ఆ హాజరైనా తలెత్తి వేసేది కాదు. రిజిస్టర్ మీదికి వంగి "ఒకటి, రెండు" అని పిలిచేది. "ఎస్ మేడం" అని వినిపిస్తే ఒక టిక్కు. గొంతు ఎవరిదైతేనేం?

నవంబరులో ఒక మధ్యాహ్నం నాగులమ్మ అనే ఆవిడ చేపల బుట్ట వరండాలో దించి, స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడింది.

"మా ఉషకి టీసీ కావాలమ్మా."

ఉష ఫైనలియర్‌లో ఇరవై మూడో నంబరు. "టీసీ ఎందుకు? ఇంకో ఆర్నెల్లలో డిగ్రీ చేతికొస్తుంది కదా," అంది కెజియా.

"ఇంకా యాడ చదువమ్మా. రొయ్యల కంపెనీలో తలలు తీసే పనికి పోతా ఉండాది. రెండు నెల్లాయె."

కెజియాకి నవ్వొచ్చింది. "నువ్వేదో పొరబడ్డావమ్మా. మీ పిల్ల రోజూ క్లాసుకి వస్తోంది. ఇదిగో చూడు," అని రిజిస్టర్ తిప్పి చూపించింది. ఇరవై మూడుకి ఎదురుగా వరసగా టిక్కులు. ఒక్క ఖాళీ లేదు.

నాగులమ్మకి చదువు రాదు. ఆ కాగితాన్ని కాసేపు చూసి, తర్వాత కెజియా మొహం చూసింది. "కన్నదాన్ని, నాకు తెలవదామ్మా? పొద్దున్నే కంపెనీ బస్సు ఎక్కిస్తా ఉండేది నేనే కదా."

స్నేహితురాలెవరో ఉషకి హాజరు పోకూడదని రెండు నెలలుగా తన నంబరుకోసారి, ఇరవై మూడుకోసారి పలుకుతోందన్నమాట. కెజియా రిజిస్టర్ మూసేసింది.

"ఎందుకు మానేసింది?"

"ఏందో అడగాలని రెండు మార్లు లేచి నిలబడిందంట. మీరు గోడ తట్టు చూసి చెప్పుకుంటా పోయినారంట. మూడో మారు లేవలేదు. నేను ఉన్నా లేకున్నా మేడంకి ఒకటేలేమ్మా అనింది."

నిష్ఠూరంగా అనలేదు, ఉన్నమాట చెప్పింది. అదే ఎక్కువ గుచ్చుకుంది. పదకొండేళ్ళూ తనే పడిపోకుండా నిలబడ్డానని కెజియా అనుకుంది. నిలబడింది పిల్లలు. కూర్చోమని చెప్పే దిక్కు లేక వాళ్ళంతట వాళ్ళే కూర్చున్నారు.

టీసీ రాసిచ్చేస్తే ఆ పిల్ల చదువు అక్కడితో సరి. "ఈ రోజు రాయించబాకమ్మా," అంది. "ఒక్క రోజు ఆగు. నేనే పోయి పిలుచుకొస్తా."

సాయంత్రం ఐదుకి కంపెనీ గేటు ముందు నిలబడింది. షిఫ్టు వదిలారు. టోపీలు, చేతి తొడుగులు లోపలే విడిచి ఆడవాళ్ళు గుంపుగా బయటికొచ్చారు. ఎవరి మొహమూ దాగి లేదు. అప్పుడు తట్టింది కెజియాకి, ఉష ఎలా ఉంటుందో తనకి తెలియదని.

మూడేళ్ళుగా పాఠం చెబుతోంది ఆ పిల్లకి! పొడుగ్గా ఉన్న ఒకమ్మాయిని చూసి నవ్వింది. ఆ అమ్మాయి వింతగా చూసి వెళ్ళిపోయింది. "ఉషా!" అని ఇంకొకామె వెంట నాలుగడుగులు వేసింది. ఆమె వెనక్కి తిరగలేదు. బస్సులు నిండుతున్నాయి.

"నమస్తే మేడం. ఎవరి కోసం వచ్చినారు?"

బక్కపలచని పిల్ల. కమ్మలు లేని చెవులకి పుల్లలు పెట్టుకుంది. నీళ్ళలో నానిన వేళ్ళు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి.

"ఉష అని, మా కాలేజీ పిల్ల అమ్మా. నీకు తెలుసా?"

ఆ పిల్ల తడి వేళ్ళు చున్నీకి తుడుచుకుంది.

"నేనే మేడం."

కెజియా నలుగురి ముందూ ఏడ్చింది. "తప్పు నాదేనమ్మా," అంది. "ఆ రోజు ఏం అడగాలని లేచావు?"

"ఇప్పుడు గుర్తు లేదు మేడం."

"రేపు క్లాసుకి రామ్మా."

బస్సు హారన్ కొట్టింది. ఉష మెట్టు మీద కాలు పెట్టి ఆగింది. "రేపు నేను రాకపోతే మీకు తెలుస్తాదా మేడం?"

"తెలుస్తుంది."

ఉష ఆమె కళ్ళలోకి చూసింది. ఈసారి కెజియా చూపు తిప్పుకోలేదు.

"టీసీ వద్దని అమ్మకి చెప్తాలే. రేపే వస్తానని మాత్రం మాటివ్వలేను," అని పైకెక్కింది.

బస్సు కదిలింది. కిటికీల నిండా మొహాలే. వాటిలో ఒకటి కెజియాకి తెలుసు.